ఒక్క బజర్‌తో మ్యాచ్ పోతుందా? దగ్గరి క్విజ్ మ్యాచ్‌ల అసలు లెక్క

ప్రశ్న: సార్, మా ఇంజనీరింగ్ కాలేజీ టీమ్ ఒక తెలుగు టీవీ ఛానల్ వాళ్ల క్విజ్‌లో సెమీస్ దాకా వెళ్లింది. రూల్స్ దాదాపు బ్రిటన్ టీవీ క్విజ్ 'యూనివర్సిటీ ఛాలెంజ్' లాంటివే. స్టార్టర్‌కి (ముందుగా బజర్ కొట్టినవాళ్లు చెప్పే ప్రశ్న) 10, అది సరిగ్గా చెప్పిన టీమ్‌కే ఆ తర్వాత వచ్చే మూడు బోనస్‌లకు ఒక్కోదానికి 5, ప్రశ్న పూర్తికాకముందే బజర్ కొట్టి తప్పు చెబితే మైనస్ 5. చివరి ప్రశ్నకి ముందు మేం 140-135తో ముందున్నాం. సగం ప్రశ్నలో నేను బజర్ కొట్టాను, తప్పు చెప్పాను. 135-135 అయింది. అవతలి టీమ్ ప్రశ్న మొత్తం విని పది కొట్టింది, వెంటనే సమయం అయిపోయి గంట మోగింది. 145-135. నా వల్లే పోయిందని మా టీమ్‌లో ముగ్గురూ అంటున్నారు. యూనివర్సిటీ ఛాలెంజ్ 2025 ఫైనల్ కూడా 175-170తో ముగిసిందని చదివాను. ముందున్నప్పుడు నేను బజర్ ముట్టుకోకుండా ఉండాల్సిందా? ఇలాంటి మ్యాచ్‌లకి ఎలా తయారవ్వాలి?

జవాబు:

ముందు మీ టీమ్‌మేట్స్ మాట సంగతి తేలుద్దాం. చివరి ప్రశ్నకి మీరు బజర్ జోలికి వెళ్లలేదనే అనుకుందాం. అవతలి టీమ్‌కి ఆ జవాబు తెలుసు, చెప్పి చూపించారు కూడా. ప్రశ్న పూర్తయ్యాక వాళ్లు కొడితే స్కోరు 140-145. అప్పుడూ మీరు ఓడిపోయేవాళ్లే, తేడా పది బదులు ఐదు ఉండేది, అంతే. మీ తప్పు వల్ల నిజంగా చేజారింది ఒక్కటే: ప్రశ్న చివరిదాకా వచ్చి ఉంటే, అవతలి వాళ్లకంటే ముందు మీ నలుగురిలో ఎవరో ఒకరు బజర్ అందుకునే అవకాశం. అది చిన్న విషయమని నేను అనను. కానీ 'నీ వల్లే మ్యాచ్ పోయింది' అనడం లెక్క ప్రకారం తప్పు. ఆ మాట అన్నవాళ్లు అంతకుముందు మ్యాచ్‌లో ఎన్ని బోనస్‌లు వదిలేశారో ఒకసారి రాసుకోమనండి.

నేను చాలా ఏళ్లు క్విజ్‌లు ఆడాను, తర్వాత ప్రశ్నలు రాశాను, ఇప్పుడు కాలేజీ టీమ్‌లకి నేర్పిస్తున్నాను. ఈ అనుభవంతో గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. దగ్గరి మ్యాచ్ చివరి ప్రశ్నలో తేలినట్టు కనిపిస్తుంది కానీ, అది పోయేది మధ్యలో, బోనస్‌ల దగ్గర. టీవీ చూసేవాళ్లకి బజర్ గుర్తుంటుంది. వదిలేసిన బోనస్ ఎవరికీ గుర్తుండదు. మీ టీమ్‌కి కూడా అదే జరిగిందని నా అనుమానం.

మీరు చెప్పిన ఫైనల్‌నే తీసుకుందాం. యూనివర్సిటీ ఛాలెంజ్ 1962లో ఐటీవీలో మొదలైంది. అమెరికాలోని 'కాలేజ్ బౌల్' అనే కార్యక్రమం దానికి మూలం. 1987 దాకా బాంబర్ గాస్కోయిన్ నడిపారు. కొన్నేళ్లు ఆగిపోయి, 1994లో బీబీసీ టూలో మళ్లీ మొదలైనప్పటి నుంచి 2023 వరకు జెరెమీ పాక్స్‌మన్, ఆ తర్వాత కోల్‌కతాలో పుట్టిన అమోల్ రాజన్ నడిపిస్తున్నారు. 2025 ఫైనల్లో కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కాలేజీ 175, వార్విక్ యూనివర్సిటీ 170. (క్రైస్ట్స్ అంటే డార్విన్, మన జగదీశ్ చంద్రబోస్ చదివిన కాలేజీ. వార్విక్ 1965లో పుట్టిన యూనివర్సిటీ, అయినా 2007లో, 2021లో ఈ టైటిల్ గెలిచింది.)

ఈ ఆటలో పాయింట్లన్నీ ఐదు గుణకాల్లోనే వస్తాయి. కాబట్టి ఐదు అంటే ఉండగలిగిన అతి చిన్న తేడా, ఇంకాస్త తగ్గితే టై. వార్విక్ ఇంకొక్క బోనస్ కొట్టి ఉంటే 175-175 అయ్యేది, టై బ్రేకర్‌కి వెళ్లేవాళ్లు. నేరుగా గెలవాలంటే రెండు బోనస్‌లు చాలు. అరగంట షోలో ఒక్కో టీమ్‌కి పాతిక దాకా బోనస్‌లు వస్తాయి. వాటిలో ఒకటో రెండో అటూ ఇటూ అయితే ట్రోఫీ చేతులు మారుతుంది. 2019 ఫైనల్ కూడా అలాంటిదే. ఎడిన్‌బరా 155, ఆక్స్‌ఫర్డ్ సెయింట్ ఎడ్మండ్ హాల్ 140. తేడా పదిహేను, అంటే సరిగ్గా ఒక బోనస్ సెట్. అదే 2016లో కేంబ్రిడ్జి పీటర్‌హౌస్ 215-30తో గెలిచింది. అలాంటి మ్యాచ్‌లో ఏ ఒక్క ప్రశ్న గురించీ బాధపడాల్సిన పని లేదు. 175-170 లాంటి మ్యాచ్‌లో మాత్రం ప్రతి ప్రశ్నా చివరి ప్రశ్నే.

ఒక ఉదాహరణ లెక్క చూడండి, ఇది ఆ ఫైనల్‌ది కాదు, ఊరికే నేను వేస్తున్నది. ఒక టీమ్ పది స్టార్టర్లు కొట్టింది, వచ్చిన ముప్పై బోనస్‌లలో సగం కొట్టింది. 100 ప్లస్ 75, మొత్తం 175. ఇంకో టీమ్ ఎనిమిది స్టార్టర్లే కొట్టింది, కానీ ఇరవై నాలుగు బోనస్‌లలో ఇరవై కొట్టింది. 80 ప్లస్ 100, మొత్తం 180. బజర్ మీద రెండు ప్రశ్నలు వెనకబడినా రెండో టీమే గెలిచింది. మన కాలేజీల్లో టీమ్ కట్టేటప్పుడు 'బజర్ మీద ఎవడు ఫాస్ట్' అని చూస్తారు. 'పక్కవాడు చెప్పేది ఎవడు వింటాడు' అని చూసేవాళ్లు తక్కువ. నన్నడిగితే రెండోదే ముందు చూడాలి.

ఇక మీ అసలు ప్రశ్న. ముందున్నప్పుడు మధ్యలో బజర్ కొట్టవచ్చా?

ఒక్క ప్రశ్న మీద అవతలి టీమ్ గరిష్ఠంగా సంపాదించగలిగేది 25 (స్టార్టర్ 10, బోనస్‌లు 15). మీరు మధ్యలో కొట్టి తప్పు చెబితే మీకు మైనస్ 5, వాళ్లకి ఆ 25 దక్కే అవకాశం. అంటే ఒక తప్పు ఖరీదు ఎక్కువలో ఎక్కువ 30. దీన్నిబట్టి మూడు పరిస్థితులు వస్తాయి. మీరు 35 లేదా అంతకంటే ఎక్కువ ముందుంటే, ఒక్క తప్పుతో మీ ఆధిక్యం పోదు. కానీ అక్కడ తొందరపడాల్సిన అవసరం కూడా లేదు. 15 నుంచి 30 మధ్య ఉంటే, వాళ్లు స్టార్టర్‌తో పాటు బోనస్‌లు కూడా కొడితేనే మీకు ప్రమాదం. అక్కడ ప్రశ్న ఇంకాస్త విని కొట్టడం మంచిది. మీ ఆధిక్యం 5 మాత్రమే అయితే పరిస్థితి పూర్తిగా వేరు. వాళ్లు స్టార్టర్ కొట్టగానే మీరు వెనకబడతారు, బోనస్‌ల దాకా వెళ్లనే అక్కర్లేదు. అలాంటప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం భద్రంగా ఉన్నట్టు అనిపిస్తుందే తప్ప భద్రం కాదు. మీరు ఆ ప్రశ్న కోసం పోటీ పడాల్సిందే.

కాబట్టి అమ్మా, మీరు బజర్ కొట్టడం తప్పు నిర్ణయం కాదు. ఎక్కడ కొట్టారు, అప్పటికి ఎంత నమ్మకంతో కొట్టారు అన్నదే చూడాలి. తప్పుతో పోయే ఐదు పాయింట్ల కంటే పెద్ద నష్టం ఇంకోటుంది. మీరు తప్పు చెప్పగానే అవతలి టీమ్‌కి పోటీ లేకుండా పోతుంది. ప్రశ్న ఆఖరి అక్షరం దాకా విని, నిదానంగా చెప్పొచ్చు. చివర్లో వచ్చే సిట్టర్ లాంటి (అందరికీ తెలిసే తేలికైన) క్లూ వాళ్లకి ఊరికే దొరుకుతుంది. మీ మ్యాచ్‌లో జరిగింది ఇదే.

ఎక్కడ కొట్టాలో ఒక ప్రశ్న మీద చూపిస్తాను. ఇది నేను తెలుగు పిల్లల కోసమే రాసి పెట్టుకున్న స్టార్టర్:

"1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో పనిచేస్తూ, మిస్సోరి నుంచి వచ్చిన మట్టి నమూనాలో పసిడి రంగు సూక్ష్మజీవిని గుర్తించి, దాని నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుగొన్న, అంతకుముందు విస్కాన్సిన్ యూనివర్సిటీలో పనిచేసి రిటైరైన వృక్షశాస్త్రవేత్త ఎవరు?"

'లెడర్లే' అనే మాట వినగానే మన పిల్లల చెయ్యి ఆగదు. యల్లాప్రగడ సుబ్బారావు! భీమవరంలో పుట్టినవాడు, మనవాడు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టినవాడు. లెడర్లేలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించినవాడు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ వెనక ఉన్నవాడు. పేరు చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఈ ప్రశ్నకి జవాబు బెంజమిన్ డగ్గర్. ఆయన సుబ్బారావు బృందంలోనే పనిచేశాడు, ఆరియోమైసిన్‌ను కనుగొన్నది ఆయనే. 'లెడర్లే' దగ్గర కొట్టినవాళ్లకి మైనస్. 'మిస్సోరి మట్టి' దాకా ఆగినవాళ్లకి అనుమానం వస్తుంది, సుబ్బారావు గురించి చదివినదాంట్లో మట్టి నమూనాలు ఎక్కడున్నాయని. 'ఆరియోమైసిన్' దాకా ఆగినవాళ్లలో తెలిసినవాడు కొడతాడు, తెలియనివాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

అదే ప్రశ్న 'హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి' అని మొదలైతే, అక్కడికక్కడే కొట్టేయండి. ఆ క్లూ ఇంకెవరికీ సరిపోదు. మీ టీమ్‌లో అందరూ నేర్చుకోవాల్సింది ఈ ఒక్క అలవాటు: జవాబు మనసులోకి వచ్చిన క్షణంలో 'ఇది ఇంకెవరికైనా సరిపోతుందా?' అని తమను తాము అడగడం. ఆ ప్రశ్నకి అర సెకను పడుతుంది. అంత సమయం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మనకి బాగా ఇష్టమైన, గర్వంగా తలుచుకునే పేర్ల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. సొంతవాళ్ల పేరు తలపుకి తొందరగా వస్తుంది కదా.

ఇంకో సంగతి, మీ షో తెలుగులో జరిగింది కాబట్టి చెబుతున్నాను. ఇంగ్లీషు ప్రశ్నలో ఏమిటి, ఎవరు, ఏ ఊరు అన్నది తరచుగా ముందే వచ్చేస్తుంది. మన తెలుగు వాక్యంలో 'ఎవరు', 'ఏది' చివరికి వస్తుంది. మనిషిని అడుగుతున్నారా, ఆయన రాసిన పుస్తకాన్నా, పుట్టిన ఊరినా అన్నది ఆఖరి మాట దాకా తేలకపోవచ్చు. అందుకే తెలుగు క్విజ్‌లో మధ్యలో బజర్ కొట్టడం ఇంగ్లీషు క్విజ్ కంటే ప్రమాదం. యూట్యూబ్‌లో యూనివర్సిటీ ఛాలెంజ్ చూసి, అక్కడివాళ్లు నాలుగో మాటకే కొడుతున్నారని మనమూ కొడితే దెబ్బతింటాం.

ఇప్పుడు బోనస్‌ల దగ్గరికి వద్దాం. నేను ఎక్కువ చెప్పాల్సింది ఇక్కడే.

స్టార్టర్ ఒక్కరి పని, బజర్ కొట్టినవాళ్లే వెంటనే చెప్పాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు. బోనస్ నలుగురి పని, మాట్లాడుకోవచ్చు, కెప్టెన్ చెప్పిందే జవాబు. యూనివర్సిటీ ఛాలెంజ్‌లో కెప్టెన్ మూడో సీట్లో కూర్చుంటాడు, రెండు పక్కల నుంచీ వినపడాలి కాబట్టి. మన షోలలో కెప్టెన్‌ను కెమెరా కోసం చివర్లో కూర్చోబెడతారు. నాలుగో సీట్లో ఉన్న కెప్టెన్‌కి మొదటి సీట్లో ఉన్నవాళ్లు నెమ్మదిగా చెప్పేది వినపడదు. ఈసారి వెళ్లినప్పుడు సీట్లు మార్చమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

ఒకసారి ప్రాక్టీస్‌లో నదుల మీద బోనస్ సెట్ వేశాను. మొదటిది, అమర్‌కంటక్‌లో పుట్టి పడమరకి పారే నది. నర్మద, వెంటనే చెప్పారు. రెండోది, హిరాకుడ్ డ్యామ్ ఏ నది మీద? మహానది. మూడోది, ఒడిశా కలహండి ప్రాంతంలో పుట్టి ఆంధ్రప్రదేశ్‌లో కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది ఏది?

రెండో సీట్లో ఉన్న కుర్రాడు గట్టిగా "నాగావళి, నాగావళి" అన్నాడు. కారణం ఉంది. నాగావళి కూడా కలహండి వైపు నుంచే వస్తుంది, శ్రీకాకుళం ఊరు దాని ఒడ్డునే ఉంది. నాలుగో సీట్లో హిరమండలం దగ్గరి అమ్మాయి ఉంది, "వంశధార కదా" అని మెల్లగా అంది. కుర్రాడు మళ్లీ "శ్రీకాకుళంలో నాగావళే ఉంది, నేను చూశాను" అన్నాడు. అమ్మాయి ఊరుకుంది. కెప్టెన్ నాగావళి అని చెప్పేశాడు. జవాబు వంశధార. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఆ నది మీదే ఉంది, ఆ అమ్మాయి రోజూ చూసే నీళ్లు అవి.

దగ్గరి మ్యాచ్‌లో పోయే ఐదు పాయింట్లంటే ఇవే. జవాబు టీమ్‌లోనే ఉంది, నోటి దాకా వచ్చింది కూడా, కెప్టెన్ దాకా వెళ్లలేదు. స్కోర్‌బోర్డు మీద దాని గుర్తు ఏమీ ఉండదు. మైనస్ పడితే అందరూ చూస్తారు, రాని బోనస్‌ను ఎవరూ చూడరు. మీ మ్యాచ్‌లో ఇలాంటివి రెండు జరిగి ఉంటే, చివరి ప్రశ్నకి ముందు మీ ఆధిక్యం ఐదు కాదు, పదిహేను. అప్పుడు మీ తప్పు తర్వాత అవతలివాళ్లు పది కొట్టినా స్కోరు 145-145. గంట మోగేది టై మీద.

ఆ రోజు నుంచి మా ప్రాక్టీస్‌లో ఒక పద్ధతి పెట్టాను. జవాబుతో పాటు నమ్మకం కూడా ఒక్క మాటలో చెప్పాలి: 'పక్కా', 'అనుకుంటున్నా', 'గెస్'. గొంతు పెద్దదా చిన్నదా అని కెప్టెన్ చూడకూడదు, ఈ మాట చూడాలి. ఇద్దరూ 'పక్కా' అంటే కారణం అడగాలి, అది కూడా రెండు మాటల్లో: "ఎందుకు?" "గొట్టా బ్యారేజీ." అంతే, తేలిపోతుంది. కెప్టెన్‌కి సబ్జెక్ట్ అసలు తెలియకపోతే జవాబు చెప్పే పని తెలిసినవాళ్లకే అప్పగించవచ్చు, యూనివర్సిటీ ఛాలెంజ్‌లో 'నామినేట్' అని సహచరుడి పేరు చెప్పేది అందుకే. కష్టమైన పేర్లు చేతులు మారితే చెడిపోతాయి. మీ షోలో ఇది ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి.

ఇంకొక్క మాట. స్టార్టర్ కొట్టిన ఉత్సాహంలో మొదటి బోనస్ సరిగా వినరు. నేను చూసినంతలో చాలా టీమ్‌లు మూడు బోనస్‌లలో మొదటిదాన్నే ఎక్కువగా పోగొట్టుకుంటాయి, అది మూడింట్లో తేలికైనదైనా సరే. చప్పట్లు ఆగేదాకా కెప్టెన్ కళ్లు క్విజ్ మాస్టర్ మీదే ఉండాలి.

గడియారం సంగతి. ఈ పద్ధతిలో ఇన్ని ప్రశ్నలని లెక్క ఉండదు, సమయం అయిపోగానే గంట మోగుతుంది, ప్రశ్న మధ్యలో ఉన్నా సరే ఆట అక్కడితో ఆగిపోతుంది. అందుకని చివరి నిమిషాల్లో వెనకబడినవాళ్లు తెలియని బోనస్‌కి వెంటనే 'పాస్' అనేయాలి, ఆలోచిస్తూ కూర్చుంటే ఇంకో స్టార్టర్ వచ్చే సమయం పోతుంది. ముందున్నవాళ్లు తమకి హక్కుగా ఉన్న సమయం వాడుకోవచ్చు. కావాలని సాగదీయడం మాత్రం నాకు నచ్చదు, క్విజ్ మాస్టర్లు కూడా ఊరుకోరు. మీ కెప్టెన్‌కి చివరి ఐదు నిమిషాల్లో స్కోరు తేడా నోటికి వచ్చి ఉండాలి. ఎంత ముందున్నామో తెలియకుండా బజర్ మీద చెయ్యి పెట్టినవాళ్లకి ఎంత రిస్క్ తీసుకోవాలో ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్నకి ముందు "ఐదే ముందున్నాం, కాస్త విను" అని మీ కెప్టెన్ మీకు చెప్పాడా? చెప్పకపోతే ఆ బాధ్యతలో ఆయనకీ భాగం ఉంది.

ఓడిపోతున్నా గంట మోగేదాకా ఆడాలన్నదానికి యూనివర్సిటీ ఛాలెంజ్‌లో గట్టి కారణం ఉంది. మొదటి రౌండ్‌లో 28 టీమ్‌లు ఆడతాయి. గెలిచిన 14 తర్వాతి రౌండ్‌కి వెళతాయి. ఓడినవాళ్లలో ఎక్కువ స్కోరు చేసిన నాలుగు టీమ్‌లకి మళ్లీ ఆడే అవకాశం ఇస్తారు, వాళ్లలో రెండు టీమ్‌లు పైకి వస్తాయి. అంటే పోయిన మ్యాచ్‌లో చివరి నిమిషంలో కొట్టిన ఒక్క బోనస్ ఆ టీమ్‌ను బతికించవచ్చు.

టై అయితే టై బ్రేకర్ ప్రశ్న వేస్తారు, ముందు సరిగ్గా చెప్పినవాళ్లు గెలుస్తారు. మధ్యలో కొట్టి తప్పు చెబితే మైనస్ 5 పడి అక్కడే ఓడిపోతారు. అక్కడ నా సలహా సూటిగా: నూటికి నూరు తెలిస్తే తప్ప మధ్యలో కొట్టవద్దు. మామూలు స్టార్టర్‌లో తప్పుకి ఐదు పాయింట్లు పోతాయి, టై బ్రేకర్‌లో తప్పుకి మ్యాచ్ మొత్తం పోతుంది.

మన దగ్గర క్విజ్ ఆడేవాళ్లకి ఈ బజర్ పద్ధతి కొత్తగా ఎందుకు ఉంటుందంటే, మనం పెరిగింది బౌన్స్, పౌన్స్ మీద. ప్రశ్న ఒక టీమ్ నుంచి ఇంకో టీమ్‌కి వెళుతుంది, పౌన్స్ (మన వంతు రాకముందే రిస్క్ తీసుకుని జవాబు ఇవ్వడం) చేయాలంటే కాగితం మీద రాసి ఇస్తాం, టీమ్ అంతా గుసగుసగా మాట్లాడుకునే సమయం ఉంటుంది. రిస్క్ అక్కడా ఉంది కానీ నిర్ణయం నలుగురిది. బజర్‌లో నిర్ణయం ఒక్కరిది, అందుకే తప్పు కూడా ఒక్కరిదే అనిపిస్తుంది. మీరు ఇప్పుడు పడుతున్న బాధ అదే. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' కాలేజీ టీమ్‌లతో మొదలైనప్పటి నుంచి మన దేశంలో టీవీ క్విజ్ చూసే తరం తయారైంది. యూనివర్సిటీ ఛాలెంజ్ ఇండియాను కూడా ఆయనే నడిపారు. ఆ షో 2004-05 సీజన్ ఫైనల్ మనవాళ్లు గుర్తుపెట్టుకోదగ్గది. టీటీడీ నడిపే ఢిల్లీ శ్రీ వెంకటేశ్వర కాలేజీ డిగ్రీ పిల్లలు, హైదరాబాద్ ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ టీమ్‌ను ఓడించి గెలిచారు. వయసులోనూ అనుభవంలోనూ పెద్దవాళ్ల మీద గెలవడం ఈ ఆటలో అసాధ్యం కాదు.

ఎలా తయారవ్వాలని అడిగారు. ముందు మీ మ్యాచ్ రికార్డింగ్ సంపాదించండి. నలుగురూ కలిసి చూడండి, ఒక్కరే చూడవద్దు. కాగితం మీద ప్రతి స్టార్టర్‌కి ఎవరు కొట్టారు, ఏ మాట దగ్గర కొట్టారు అని రాయండి. ప్రతి బోనస్ దగ్గర వీడియో ఆపి, ఆ జవాబు ఆ రోజు మీలో ఎవరికైనా తెలుసా అని అడగండి. నిజం చెప్పాలి. 'నాకు తెలుసు కానీ చెప్పలేదు' అన్నవన్నీ విడిగా లెక్కించండి. మీ టీమ్‌తో గొడవ మానేయడానికి ఆ కాగితం చాలు.

తర్వాత వారానికి రెండుసార్లు ప్రాక్టీస్ పెట్టుకోండి. ఒక రోజు బోనస్‌లు మాత్రమే, బజర్ లేకుండా. ఒకరు ప్రశ్నలు చదవాలి, మిగతా నలుగురు 'పక్కా, అనుకుంటున్నా, గెస్' పద్ధతిలో మాట్లాడాలి, కెప్టెన్ చెప్పాలి. ఐదో మనిషి దొరక్కపోతే జూనియర్‌ను పిలవండి, వచ్చే ఏడాది టీమ్ కూడా తయారవుతుంది. ఇంకో రోజు స్టార్టర్లు, కానీ ఒక షరతుతో. ఎవరైనా మధ్యలో కొడితే జవాబుతో పాటు 'ప్రశ్న ఇంకెటు తిరగవచ్చు' అన్నది కూడా చెప్పాలి. మొదట్లో విసుగొస్తుంది, ఆట నెమ్మదిస్తుంది. తర్వాత ఆ ఆలోచన బజర్ కొట్టేలోపే వచ్చేస్తుంది. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే 1972 నుంచి నడుస్తున్న కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్ పెట్టే క్విజ్‌లకి వెళ్లి పెద్దవాళ్లు ఎలా మాట్లాడుకుంటారో చూడండి. జవాబుల కంటే ఆ మాట్లాడుకోవడం చూసి ఎక్కువ నేర్చుకుంటారు.

టీమ్‌లో ఎవరు ఏ సబ్జెక్ట్ చూడాలో పంచుకోవడం అందరూ చేసేదే, దాని గురించి ఎక్కువ చెప్పను. ఒకటి మాత్రం: పురాణాలు, తెలుగు సాహిత్యం, నదులు, ఊళ్లు 'మనకి తెలిసినవే కదా' అని ఎవరికీ అప్పగించకుండా వదిలేస్తారు. పైన చెప్పిన నాగావళి, వంశధారల సంగతి గుర్తుందిగా, ఒకరికి అప్పగించండి.

మీ విషయంలో చివరిగా ఒక సూచన. వచ్చే మ్యాచ్‌లో మొదటి పది నిమిషాల్లో మీరు కనీసం ఒక స్టార్టర్‌కి బజర్ కొట్టాలని ముందే అనుకుని వెళ్లండి. మైనస్ పడినవాళ్లు తర్వాతి మ్యాచ్‌లో బజర్ మీద చెయ్యే పెట్టరు, తెలిసినవి కూడా వదిలేస్తారు. నలుగురిలో ఒకరు ఆడటం మానేస్తే ఆ టీమ్ ముగ్గురితో ఆడుతున్నట్టే. మీ కెప్టెన్‌కి ఈ సంగతి ముందే చెప్పి, మొదటి స్టార్టర్‌లో మీ సబ్జెక్ట్ వస్తే మీకే వదలమనండి. మీ రికార్డింగ్ చూశాక ఆ కాగితం లెక్క ఇక్కడ పెట్టండి, ఏ సబ్జెక్ట్‌లో బోనస్‌లు పోతున్నాయో చూసి ఇంకా వివరంగా చెబుతాను.